నాని గేమ్ సంగతి

చిట్టీ,

ఎలా ఉన్నావమ్మా. ఈమధ్య నీ ఫోన్ లేదు, మెసేజ్ పెడితే రెండు టిక్కులు పడతన్నాయి గానీ జవాబు లేదు, ఆఫీసులో పనెక్కువై ఉంటదిలే అనుకున్నా. ఇక్కడ అందరం బానే ఉన్నాం. కాలవలు కట్టేశారు, కొబ్బరి దింపు తీయించాం గానీ కాయ చిన్నది, మీ నాన్న మోకాలు కొంచెం నయం. అన్నట్టు మీ రాజోలు పిన్ని వచ్చి ఏదో చెప్పింది, నాని గేములో పడి అన్నం కూడా మానేస్తన్నాడని, అల్లుడుగారు కోప్పడి ఆ గేమ్ ఆడే పెట్టె బీరువాలో పెట్టి తాళం వేశారని. దాని మాటలో సగం తీసెయ్యాలనుకో, కానీ నువ్వు ఫోన్ ఎత్తకపోయేసరికి నాకు నిద్ర పట్టట్లేదు.

ఆ గేమ్ ఎల్డెన్ రింగేనా? సంక్రాంతికి హాల్లో టీవీకి తగిలించి ఆడింది అదే అయితే నేను చూశా. కనుమ నాడు మీరంతా జగ్గన్నతోట ప్రభలకి వెళ్తా వాడికి జలుబని నా దగ్గర వదిలారు గదా, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తా పక్కనే కూర్చున్నా. మొదట్లోనే బంగారు కవచం వేసుకుని గుర్రం మీద ఒకడు తిరుగుతుంటాడు, వీడు వెళ్ళడం, వాడు పొడవడం, వీడు చావడం, మళ్ళీ వెళ్ళడం. చచ్చిన చోట సంపాదించిందంతా రాలిపోద్దంట, వెళ్ళి ఏరుకోవాలి, ఏరుకునేలోపు మళ్ళీ చస్తే ఇక అది పోయినట్టే. ఈజీ, హార్డ్ అని మార్చుకోడానికి కూడా లేదంట. రిమోట్ విసిరేస్తాడేమోనని నేను వాడి మొహమే చూస్తన్నా. చెవులు ఎర్రబడ్డాయి, ఒకసారి దిండుని గుద్దాడు. తర్వాత లేచి మంచినీళ్ళు తాగొచ్చి, "అమ్మమ్మా, వీడితో ఇప్పుడే పెట్టుకోకూడదు, మనకి బలం చాలదు" అని చెట్ల చాటునించి చుట్టూ తిరిగి వెళ్ళిపోయాడు. ఎక్కడెక్కడో తిరిగి గుర్రం సంపాదించి, లెవెల్స్ పెంచుకుని, భోజనాలయ్యాక వచ్చి వాణ్ణి పడగొట్టాడు. ఆ అరుపుకి పెరట్లోంచి మీ నాన్న పరిగెత్తుకొచ్చారు.

ఆడనివ్వు అని నేను చెప్పను, తల్లివి నువ్వు. కానీ ఒక్క అరగంట వాడి పక్కన కూర్చో. గెలిచినప్పుడు కాదు, చచ్చిన వెంటనే ఏం చేస్తన్నాడో చూడు. దారి మార్చి ఆలోచిస్తే ఒకటి, తిడతా అదే దారిన పోతా నిద్ర, చదువు మానుకుంటే ఇంకోటి, అప్పుడు నేనే బీరువాలో పెట్టమంటా. పదో తరగతికొచ్చాడు, కళ్ళజోడు పవర్ కూడా చూపించు.

మీ మావయ్య కొడుకుని అడిగా. అది ఆడాలంటే యూరప్ వాళ్ళు 16 ఏళ్ళు నిండాలని, అమెరికా వాళ్ళు 17 నిండాలని వేశారంట, కష్టమని కాదు, నెత్తురు, నరుక్కోవడం ఉన్నాయని. మనవాడికింకా పదిహేను నిండలేదు, అది మాత్రం ఆలోచించాల్సిందే. కష్టమైందే కావాలి, నెత్తురు వద్దు అనుకుంటే సెలెస్ట్ అని 2018లో వచ్చింది ఉందంట, కొండెక్కే పిల్ల గేమ్, మరీ కుదరకపోతే సాయం పెట్టుకునే అసిస్ట్ మోడ్ కూడా ఉందంట. ఎల్డెన్ రింగ్‌లో నోటితో మాట్లాడుకునే చాట్ లేదు, ఇంటర్నెట్ లేకుండా ఆఫ్‌లైన్లో పెట్టుకోవచ్చు, అప్పుడు కొత్తవాళ్ళెవరూ రారు.

అన్నం సంగతి. ఆ గేమ్‌ని మధ్యలో ఆపడానికి బటన్ లేదంట, అందుకే పిలిచినా లేవడు. తనంతట తనే సేవ్ అవుద్ది గాబట్టి పదినిమిషాల ముందు చెప్పు, ఆ కొట్లాట పూర్తిచేసుకుని కట్టేసి వస్తాడు, అల్లుడుగారికి కూడా ఇది చెప్పు, మెల్లగా చెప్పు.

ఆవకాయ జాడీ బస్సుకి వేస్తన్నాం, అందగానే మూత తీసి చూడు, నూనె ముక్క పైకి తేలకపోతే ఇంకాస్త పప్పునూనె కాచి చల్లార్చి పొయ్యి, తడి గరిటె పెట్టకు. నానికి కారం ఎక్కువ వెయ్యకు, కడుపులో మంటంటాడు.

అమ్మ