మొదటి నిమిషాలు కానిస్టేబుల్ చేతిలోనే: హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హోంశాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

ప్రథమ చికిత్స నేర్పడం నా వృత్తి. నా తరగతులకు పోలీసులు కూడా వస్తుంటారు. వాళ్లలో చాలామంది ఉద్యోగంలో చేరాక, ఏదో ఒక రోడ్డు మీద ఎవరో తమ కళ్ల ముందే ప్రాణం వదిలాక, ఇక సొంతంగానైనా నేర్చుకోవాలని వచ్చినవాళ్లు. "ట్రైనింగ్‌లో ఒక పూట చెప్పారు మేడమ్, సాధన చేసే మనిషి బొమ్మ ఒక్కటే ఉంది, నా వంతు రాలేదు" అన్న మాట వాళ్ల నోట తరచూ వింటాను. ఆ మాట మీ దాకా చేర్చి, పోలీసు శిక్షణలో ప్రథమ చికిత్సను, అత్యవసర డ్రైవింగ్‌ను సరిగా నేర్పించమని అడగడానికే ఈ లేఖ.

ప్రమాదం జరిగినచోటికి, కొట్లాట జరిగినచోటికి, ఉరి వేసుకున్న ఇంటికి అంబులెన్స్ కంటే ముందు చాలాసార్లు పోలీసే చేరతాడు. చేరి ఏం చేస్తాడు? జనాన్ని వెనక్కి నెడతాడు, అంబులెన్స్ ఎక్కడుందని ఫోన్‌లో అడుగుతాడు, ఎదురుచూస్తాడు. తప్పు అతనిది కాదు. అంతకుమించి చేయడానికి అతని చేతులకు మనం ఏమీ నేర్పలేదు.

గుండె ఆగిన మనిషికి మెదడు దెబ్బతినడం మొదలవడానికి నాలుగు నుంచి ఆరు నిమిషాలు చాలు. ఛాతీ నొక్కేవాళ్లు గానీ, షాక్ ఇచ్చే యంత్రం గానీ లేకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున తరిగిపోతుంది. తొడలోని పెద్ద రక్తనాళం తెగితే కొన్ని నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. ఎంత మంచి ఆస్పత్రి ఉన్నా ఈ నిమిషాలు దాని గుమ్మం బయటే గడిచిపోతాయి.

చేయాల్సిన పని మాటల్లో చెబితే చిన్నదే. గుండె ఆగితే ఛాతీ మధ్యలో అరచేతి మడమ, అంటే మణికట్టు పక్కనుండే భాగం పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే 5 సెంటీమీటర్లకు తగ్గకుండా నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలయ్యేసరికి ఎంత బలమైనవాడికైనా పట్టు సడలుతుంది కాబట్టి పక్కవాడు అందుకోవాలి. రక్తం చిమ్ముతుంటే గాయం మీద నేరుగా, గట్టిగా అదమాలి. చేతికో కాలికో అయిన గాయం నుంచి రక్తం అలా ఆగకపోతే టూర్నికేట్‌ను, అంటే రక్తం ఆపడానికి బిగించే పట్టీని, గాయానికి కొంచెం పైన, కీలు మీద పడకుండా కట్టి, రక్తం ఆగేదాకా బిగించి, కట్టిన సమయం రాసిపెట్టాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. ఊపిరి ఆడుతూ స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

చదవడానికి రెండు నిమిషాలు పట్టదు. కానీ నేర్చుకోని మనిషి ఎక్కడ ఆగిపోతాడో నాకు తెలుసు. గుండె ఆగినవాళ్లలో కొందరు మొదటి నిమిషాల్లో నోరు తెరిచి ఎగశ్వాసలా గాలి లాగుతారు. చూసేవాళ్లు ఊపిరి ఆడుతోందనుకుని ఆగిపోతారు. అది ఊపిరి కాదు, వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాల్సిన గుర్తు. స్లైడ్ మీద చూస్తే ఈ తేడా బుర్రకెక్కదు. వీడియోలు చూపించి, బొమ్మ మీద చేయించి, మళ్లీ మళ్లీ పరీక్షిస్తేనే పట్టుబడుతుంది. అదీ నిలవదు. మూడు నుంచి ఆరు నెలల్లోనే ఈ నైపుణ్యం జారిపోవడం మొదలవుతుంది. పాసింగ్ అవుట్ పరేడ్ నాడు చేతికిచ్చిన సర్టిఫికెట్ ఏడాది తర్వాత ఎవరినీ కాపాడలేదు.

ఇది పోలీసుల పని కాదని కొందరు పెద్దలు నాతో వాదించారు. కానీ అమెరికాలోని రోచెస్టర్ అనే నగరంలో 1990లోనే గస్తీ పోలీసుల చేతికి షాక్ ఇచ్చే యంత్రం ఇచ్చారు. ఫిలడెల్ఫియాలో కాల్పుల్లో, కత్తిపోట్లలో గాయపడినవాళ్లను పోలీసులే తమ కారులో ఆస్పత్రికి చేర్చడం దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. అలా చేర్చినవాళ్లకు అంబులెన్స్‌లో వచ్చినవాళ్లకంటే బతికే అవకాశమేమీ తగ్గలేదని అక్కడి లెక్కలు చూసిన వైద్యులు చెప్పారు. అలాగని ప్రతి క్షతగాత్రుణ్ణీ జీపులో కుక్కి తీసుకెళ్లమని నేననడం లేదు. వెన్నెముక దెబ్బతిన్నవాణ్ణి అలా లాగితే జీవితాంతం మంచాన పడొచ్చు. ఎవరిని కదపాలో, ఎవరిని కదపకూడదో తేల్చుకునే తెలివి కూడా శిక్షణలోనే రావాలి.

ఇక డ్రైవింగ్ సంగతి. లైసెన్స్ ఉంది కదా అని ఇరవై రెండేళ్ల కుర్రాడికి సైరన్ బండి తాళాలు అప్పగిస్తున్నాం. ఆరు కిలోమీటర్ల దారిలో గంటకు 60 బదులు 80 కిలోమీటర్ల వేగంతో వెళితే మిగిలేది ఒకటిన్నర నిమిషం. బ్రేకు వేశాక బండి ఆగే దూరం మాత్రం దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ఆ ఒకటిన్నర నిమిషం విలువ ఎంతో పైన రాసింది నేనే, దాన్ని తేలిగ్గా తీసేయను. అయితే దాన్ని యాక్సిలరేటర్ మీద సంపాదించాలని చూసినవాడు కూడలిలో ఇంకొకరిని గుద్ది, అసలు చేరాల్సిన చోటికే చేరకపోవచ్చు. దారి ముందే ఎంచుకోవడం, ఎదుటి ట్రాఫిక్‌ను దూరం నుంచే పసిగట్టి ఎక్కడా పూర్తిగా ఆగకుండా సాగిపోవడం తెలిసినవాడు అదే సమయాన్ని తక్కువ ప్రమాదంతో మిగుల్చుకుంటాడు.

సైరన్ వేస్తే అందరూ వింటారన్నది మరో భ్రమ. అద్దాలు ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకున్న కారులోకి సైరన్ చేరేసరికి బండి మీదికి వచ్చేసి ఉంటుంది. రెండు పోలీసు వాహనాలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, మొదటిది వెళ్లిపోగానే జనం రోడ్డు మీదికి వచ్చేస్తారు, రెండోది వాళ్ల మీదికి వెళుతుంది. ఎర్ర సిగ్నల్ దాటే ముందు వేగం తగ్గించి, అవసరమైతే ఆగి, ప్రతి వరుసా ఖాళీ అని చూసుకుని కదలడం కొత్తవాడికి పిరికితనంలా అనిపిస్తుంది. అది వృత్తి ధర్మమని నేర్పాల్సింది శిక్షకుడే. బ్రిటన్ పోలీసు డ్రైవింగ్ శిక్షణలో ఒక మంచి పద్ధతి ఉంది. నడిపేవాడు తను ఏం చూస్తున్నాడో, దానివల్ల ఏం చేయబోతున్నాడో పైకి చెబుతూ నడపాలి. "ఆగిన బస్సు, దాని ముందు నుంచి ఎవరైనా రావచ్చు, వేగం తగ్గిస్తున్నా" అని. అతను ఎక్కడ ఏది గమనించడం లేదో పక్కన కూర్చున్న శిక్షకుడికి అప్పటికప్పుడు తెలిసిపోతుంది. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ఈ రెండు శిక్షణలనూ ఒకే లేఖలో రాయడానికి కారణముంది. ప్రాణాలకు తెగించినట్టు బండి తోలుకొచ్చినవాడి గుండె దడదడలాడుతుంటుంది, చూపు సన్నని గొట్టంలా కుంచించుకుపోతుంది, వేళ్లు వణుకుతాయి. ఆ వేళ్లతో టూర్నికేట్ పట్టీ బిగించమంటే జారిపోతుంది. అందుకే వీటిని విడివిడిగా నేర్పితే సగమే నేర్పినట్టు. కొత్తవాళ్లను శిక్షణ మైదానంలో సైరన్‌తో బండి నడిపించి, దిగీదిగగానే బొమ్మ మీద ఛాతీ నొక్కించండి, కృత్రిమ రక్తం కారుతున్న కాలికి కట్టు కట్టించండి. చీకట్లో చేయించండి, వానలో చేయించండి.

నన్ను బాగా కలచివేసిన విషయం ఇంకొకటి ఉంది. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుణ్ణి నేలకు అదిమిపట్టిన పోలీసుల్లో ఇద్దరు అప్పుడే విధుల్లోకి వచ్చిన కొత్తవాళ్లు. పక్కకు తిప్పుదామా అని వాళ్లలో ఒకరు అడిగారు. సీనియర్ వద్దన్నాడు. రెండో అతను నాడి చూసి, దొరకడం లేదన్నాడు. అయినా అంబులెన్స్ వచ్చేదాకా ఫ్లాయిడ్ మెడ మీద ఆ సీనియర్ పెట్టిన మోకాలు లేవలేదు. ఫ్లాయిడ్ చనిపోయాడు. చేయాల్సింది ఏమిటో కొత్తవాడికి తట్టింది, పై అధికారిని దాటి చేసే ధైర్యమే చాలలేదు. కాబట్టి కొత్తవాళ్లకు నేర్పి, స్టేషన్లలో ఉన్నవాళ్లను వదిలేస్తే ఆ చదువు మొదటి వారంలోనే ఆవిరైపోతుంది. ప్రాణాపాయ సమయంలో వైద్యపరమైన హెచ్చరిక ఎవరు చేసినా, వాళ్ల ర్యాంకు ఏదైనా, వెంటనే పాటించాలని లిఖితపూర్వకంగా ఆదేశించండి. అది మీరొక్కరే చేయగల పని.

మిగతావి మీ అధికారులు చేయగలరు. ప్రథమ చికిత్సకు పరేడ్‌తో సమానంగా మార్కులు పెట్టి, తప్పినవాళ్లతో మళ్లీ రాయించడం కాదు, మళ్లీ చేయించాలి. శిక్షణ కళాశాలల్లో ఆరుగురికి ఒక బొమ్మ అయినా ఉండాలి. ప్రతి గస్తీ వాహనంలో టూర్నికేట్లు, కట్టు గుడ్డలు, చేతి తొడుగులు, వీలైనచోట షాక్ యంత్రం పెట్టి, నెలనెలా తనిఖీ చేయాలి. ఆరు నెలలకోసారి స్టేషన్‌లోనే గంటసేపు సాధన చేయించాలి. అత్యవసర డ్రైవింగ్ పరీక్ష నెగ్గనివాళ్లకు సైరన్ బండి ఇవ్వకూడదు, పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా సరే. చూడకూడని చావులు చూసిన కుర్ర పోలీసులతో మాట్లాడటానికి ఒక మనిషిని కూడా పెట్టండి. దీని గురించి ఎవరూ అడగరు, వాళ్లసలే అడగరు.

వచ్చే బ్యాచ్ శిక్షణ మొదలయ్యేలోగా సిలబస్‌లో ఈ మార్పు చేస్తారో లేదో మీ శాఖ నుంచి జవాబు కోరుతున్నాను. బొమ్మలు నేను తెస్తాను, నేర్పడానికి పిలిచినచోటికి వస్తాను.

ఇట్లు,
ఒక ప్రథమ చికిత్స శిక్షకురాలు