వాన కబురు పొలం దాకా రావాలంటే

సంపాదకుల వారికి నమస్కారం.

‘పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో సగటు సముద్ర మట్టానికి 5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు ఉపరితల ఆవర్తనం కొనసాగుతోంది. దీని ప్రభావంతో రాగల 24 గంటల్లో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది.’ వానాకాలం మొదలైతే చాలు, అంకెలు కాస్త మారుతూ ఇవే వాక్యాలు మన పత్రికలన్నింటిలో కనిపిస్తాయి. ఇందులో తప్పేమీ లేదు. వాతావరణ శాఖ ఇచ్చిన బులెటిన్‌ని ఉన్నదున్నట్టు తెలుగులో పెట్టారు, అంతే. కానీ ఇది చదివి రేపు వరి కోయించాలో ఆపాలో తేల్చుకోగలిగిన రైతు డెల్టాలో ఒక్కడైనా ఉన్నాడా అని నా అనుమానం. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. ఆవర్తనం అంటే పైన గాలి సుడి తిరగడమని నాకు తెలుసు. ఆ 5.8 కిలోమీటర్లతో మాత్రం నాకూ పని లేదు.

సైన్సుని జనంలోకి తీసుకెళ్లాలి అనగానే మనకు ఫిబ్రవరి 28న జరిగే సైన్స్ డే సభలు, బడిలో పెట్టే ఎగ్జిబిషన్లు, చంద్రయాన్-3 దిగిన రోజు టీవీల ముందు చప్పట్లు గుర్తొస్తాయి. అవీ ఉండాల్సిందే. అయితే రోజూ ప్రతి ఇంటికీ చేరే సైన్సు వాతావరణ వార్త. గ్రహణం రోజున టీవీల్లో ఎవరిని కూర్చోబెట్టి ఏం చెప్పిస్తారో ఆ సంగతి ఇప్పుడెత్తను, అదో పెద్ద కథ. కనీసం ఈ వాన సంగతైనా అర్థమయ్యేలా చెప్పుకోలేమా?

24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 వరకు పడితే వాతావరణ శాఖ లెక్కలో భారీ వర్షం. 204.4 వరకు అతి భారీ, ఆ పైన అత్యంత భారీ. ఈ కొలతలు వార్త పక్కన అరుదుగా వేస్తారు. వేసినా మిల్లీమీటరు అన్న అంకె పొలానికి తగలదు. మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు లీటరు నీళ్లు. వంద మిల్లీమీటర్లు పడితే ఎకరంలో నాలుగు లక్షల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 80 తెచ్చి చేలో ఒంపినట్టు. ఇంతవరకు చెబితే చాలు. మురుగు కాలువ పూడిపోయి ఉంటే ఆ నీళ్లు ఎన్నాళ్లు నిలబడతాయో రైతుకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

‘ఒకటి రెండు చోట్ల’ అన్నదానికీ లెక్క ఉంది. ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా పడుతుందని దాని అర్థం. ఈ సంగతి తెలియని మనం, మన ఊళ్లో పడకపోతే అబద్ధం చెప్పారంటాం. ‘వాతావరణ శాఖ వాన అందంటే వడియాలు పెట్టుకోవచ్చు’ అనే జోకు అలాగే పుట్టింది.

బాగా చెప్పడానికి నమూనా కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వరద రోజుల్లో అక్కడ ఆటోస్టాండులో అయినా, టీ కొట్టు దగ్గరైనా మొదటి ప్రశ్న ‘ఇప్పుడెంతుంది?’ అనే. జవాబు వినగానే ఏ దారి మునుగుతుందో, ఏ ఊరికి బస్సు ఆగిపోతుందో, సామాను ఎప్పుడు సర్దాలో వాళ్లకు తెలిసిపోతుంది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చాయన్నది పెద్దల నోటికి వచ్చిన లెక్క. హైడ్రాలజీ, అంటే నీటి శాస్త్రం, చదివి నేర్చుకున్నది కాదిది. అంకెకీ, ఇంటి గడపకీ మధ్య ఉన్న సంబంధం ఏళ్ల తరబడి చూసి తెలుసుకున్నారు.

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ చూడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలు గంటగంటకీ చెప్పాయి. సింగ్‌నగర్‌ని ముంచింది మాత్రం కృష్ణ కాదు, గండ్లు పడిన బుడమేరు వాగు. బుడమేరు ఎంత పెరిగితే ఏ వీధిలోకి నీళ్లొస్తాయో చెప్పే అంకె, భద్రాచలం వాళ్ల 43 లాంటిది, ఆ కాలనీల జనానికి తెలిసి ఉంటే కనీసం పసిపిల్లలనీ ముసలివాళ్లనీ ముందే పంపించి ఉండేవారు కదా. ఇందులో అధికారుల బాధ్యత ఎక్కువ, కానీ ఆ అంకె ఏదని అడగాల్సింది మీరు.

ఇంకో విషయం. ఏ అంచనాను ఎంత నమ్మాలో కూడా జనానికి చెప్పరు. తుపాను వస్తుందని నాలుగైదు రోజుల ముందే చెప్పగలుగుతున్నారు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను గురించీ ముందే తెలుసు. వేసవిలో సాయంత్రం పట్టే గాలివాన అలాంటిది కాదు. ఆ మేఘం కొన్ని కిలోమీటర్ల మేర లేచి, గంటా రెండు గంటల్లో కురిసి పోతుంది. ఏ ఊరిమీద పడుతుందో ముందురోజు ఎవరూ చెప్పలేరు. రెండింటినీ ఒకే గొంతుతో, ఒకే సైజు హెడ్డింగుతో చెప్పడం వల్ల మొదటిదాని మీద కూడా నమ్మకం పోతోంది. పైగా ఎల్లో అలర్ట్‌కీ ‘ముంచుకొస్తున్న ముప్పు’ అని పెడుతున్నారు. ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే ఇక కదలమని. ఎల్లోకే అంత టెన్షన్ పెడితే రెడ్‌కి ఎవరు కదులుతారు?

మంచి పనులు జరగట్లేదని కాదు. ఎండాకాలంలో ఏపీ విపత్తుల నిర్వహణ సంస్థ వడగాల్పులు వీచే మండలాల పేర్లతో జాబితా ఇస్తోంది. పిడుగుల మీద ఫోన్లకు మెసేజీలు వస్తున్నాయి. సోషల్ మీడియాలో సొంతంగా వాతావరణం చెప్పే కుర్రాళ్లను జనం వెతుక్కుని మరీ చూస్తున్నారంటే కారణం వాళ్లు ఊళ్ల పేర్లు పెట్టి, మామూలు మాటల్లో చెప్పడమే. వాళ్లలో కొందరు లైకుల కోసం అతి చేస్తారు, అది వేరే సంగతి.

మీ నుంచి నేను కోరేది పెద్ద ఖర్చున్న పని కాదు. జిల్లా పేజీలో వాన కబురు మండలాల వారీగా వేయండి. ఆవర్తనం ఎత్తు తీసేసి ఆ చోటులో కోత, ఎరువు, పురుగుమందు పనులకు రేపు వీలుంటుందో లేదో రాయండి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే సలహాల్లో ఆ సమాచారం ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, మర్నాడు ‘నిన్న చెప్పింది ఇంత, పడింది ఇంత’ అని రెండు అంకెలు పక్కపక్కన వేయండి. మండలాల్లో ఆటోమేటిక్ వాన కొలతల కేంద్రాలున్నాయి కాబట్టి లెక్క దొరుకుతుంది. అంచనా తప్పిన రోజున ఎందుకు తప్పిందో వాతావరణ కేంద్రం వారినే అడిగి నాలుగు వాక్యాలు రాయించండి. అన్ని ఎడిషన్లలో కుదరకపోతే వచ్చే ఖరీఫ్‌కి ఒక్క జిల్లాలో మొదలుపెట్టి, పంట కోతలయ్యాక అక్కడి రైతుల్నే అడగండి, పనికొచ్చిందో లేదో.

– ఒక విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్, తెనాలి