పాలపిట్టను తెచ్చిన మీకు

కనుమ నాడు హన్మకొండలో, గాలిపటం మాంజా చుట్టుకున్న పాలపిట్టను అట్టపెట్టెలో మాకు అప్పగించి, పేరు చెప్పకుండా వెళ్లిపోయారు. అన్నో అక్కో కూడా తెలియదు. మీకు శనార్థులు.

మీరు దారం లాగలేదు. రెక్కకు రెండు వైపులా జానెడు వదిలి కత్తిరించారు. లాగితే భుజానికీ మణికట్టుకూ మధ్యనున్న పలుచటి చర్మం చీలుతుంది. అది చీలితే ఎముక బాగున్నా పిట్ట సరిగా ఎగరలేదు. పెట్టెకు వేలు పట్టేంత రంధ్రాలు, అడుగున పాత నూలుబట్ట, పైన మూత. చీకట్లో పిట్ట కొట్టుకోవడం తగ్గుతుంది. నోట్లో నీళ్లు పోయకపోవడం అన్నిటికన్నా పెద్ద మేలు. పక్షికి శ్వాసనాళం నాలుక వెనకే తెరుచుకుంటుంది, పోసిన నీళ్లు అందులోకే పోతాయి.

పిల్లల కోసం రాస్తున్న కథలోకి ఆ పెట్టె ఉన్నదున్నట్టే వచ్చింది. పేరులో పాలున్నాయని కథలో పిల్లలు గిన్నెడు పాలు తెస్తారు. పక్షులకు పాలు అరగవు, ఇది తినేది మిడతలు, పురుగులు. అందుకే అవ్వ గిన్నె పక్కన పెట్టిస్తుంది. పిట్టను ఇంట్లో పెంచుకున్నట్టు మాత్రం ముగించం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అందుకు ఒప్పుకోదు. గాయం మానాక కూడా ఎగిరే బలం తిరిగి రావాలంటే రెక్కలాడించే చోటుండాలి. కాబట్టి పిల్లలు పెట్టెను అటవీశాఖ వాళ్లకు ఇస్తారు.

పిట్ట దొరికిన చోటు, సమయం చీటీ మీద రాసిపెట్టారు చూడండి, దానికి మరోసారి దండం. తిండి, గూడు తెలిసిన తావులోనే పిట్టను వదలాలి. చివరి పేజీలో అది ఎగిరేది ఆ చోటునుంచే.