తమ్ముడి ఇంటర్న్‌షిప్ గురించి నాన్నకి

హైల్‌బ్రోన్, జర్మనీ

నాన్నకి నమస్కారాలు.

మొన్న ఫోన్లో అమ్మ ఒక మాట అంది. మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్న తమ్ముడు వేసవిలో చేయాల్సిన ఇంటర్న్‌షిప్‌కి, పని చేయకపోయినా ఆన్‌లైన్లో డబ్బు కడితే చాలు, ఎవరో సర్టిఫికెట్ పంపిస్తారట. వాడి క్లాసులో చాలామంది అలాగే తెప్పించుకుంటున్నారట, మీరూ సరే అన్నారట. ఫోన్లో చెబితే మాటా మాటా పెరుగుతుందని ఉత్తరం రాస్తున్నాను. ఆ సర్టిఫికెట్ వద్దు నాన్నా. ఎందుకు వద్దంటున్నానో తీరిగ్గా చదవండి.

నేను పనిచేసే చోట పంపులు తయారవుతాయని మీకు తెలుసు కదా. మా సెక్షన్‌కి డిగ్రీ చదివే పిల్లలు వస్తుంటారు. మూడు నెలలు ఇక్కడికి దగ్గర్లోని మోస్‌బాఖ్‌లో క్లాసులు, తర్వాత మూడు నెలలు మా దగ్గర పని, మళ్ళీ క్లాసులు. మూడేళ్ళూ ఇదే వరస. ముందు కంపెనీ ఆ పిల్లల్ని ఎంచుకుని ఒప్పందం రాసుకుంటుంది, ఆ తర్వాతే సీటు. క్లాసులో కూర్చున్న నెలల్లో కూడా జీతం వస్తుంది. 1974లో స్టుట్‌గార్ట్, మాన్‌హైమ్ ఊళ్ళలో మొదలైన పద్ధతి ఇది. బాష్, డైమ్లర్-బెంజ్ లాంటి కంపెనీలే పూనుకుని పెట్టించాయి. 2009లో ఆ కాలేజీలన్నిటినీ కలిపి ఒక యూనివర్సిటీ చేశారు. జీతమిస్తోంది కాబట్టి ఆ పిల్లలు పని నేర్చుకున్నారా లేదా అన్నది కంపెనీకి పట్టింపు. మన దగ్గర పిల్లవాడే డబ్బు కట్టి కాగితం కొనుక్కుంటే ఇంక ఎవరికుంటుంది పట్టింపు?

పోయిన నెల ఒక అమ్మాయి వచ్చింది. పందొమ్మిదేళ్ళుంటాయేమో. గ్రైండింగ్ మెషిన్ మీంచి అప్పుడే దించిన షాఫ్ట్‌ని, అంటే గుండ్రటి ఉక్కు కడ్డీని, మైక్రోమీటర్ అనే సన్నని కొలతల పరికరంతో కొలిచి, సైజు ఎక్కువుంది, ఇంకాస్త గ్రైండ్ చేయాలి అంది. ఆమెకి పని నేర్పే ఫోర్‌మన్ కాదనలేదు, ఔననలేదు. షాఫ్ట్‌ని కొలతల గదిలో బల్ల మీద పెట్టించాడు. ఆ గది ఎప్పుడూ 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. బాగా చల్లారాక మళ్ళీ కొలవమంటే సైజు సరిగ్గా సరిపోయింది. వంద మిల్లీమీటర్ల లావు ఉక్కు ముక్క పది డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో నూరోవంతు పైచిలుకు పెరుగుతుంది. వేడి మీద ఇంకో పొర తీసేసి ఉంటే ఆ ముక్క స్క్రాప్‌లోకి పోయేది. ఆ అమ్మాయి నోట్‌బుక్ తీసి రెండు కొలతలూ, ఏ టైముకి కొలిచిందీ, ముక్క ఎంత వేడి మీదుందీ రాసుకుంది. మెషిన్ మీద ఉండగానే కొలిచే ఫ్యాక్టరీల్లో ఈ తేడాని ఎలా సరిచేసుకుంటారో మోస్‌బాఖ్ వెళ్ళాక ప్రొఫెసర్‌ని అడుగుతానంది. అలాంటి ప్రశ్న పట్టుకుని క్లాసులోకి వెళ్ళేవాళ్ళకి ఆ పాఠం ఎలా వినిపిస్తుందో ఆలోచించండి.

ఈ లెక్క నేను బీటెక్‌లో చేశాను, మార్కులూ తెచ్చుకున్నాను. మా కాలేజీలో మైక్రోమీటర్ అద్దాల బీరువాలో ఉండేది. ల్యాబ్ రోజున ఒక్క లేత్ చుట్టూ పదిమందిమి నిలబడేవాళ్ళం. ఇన్‌స్ట్రక్టర్ మెషిన్ నడిపేవారు, మేం చూసేవాళ్ళం. రికార్డులో రాయాల్సిన రీడింగులు సీనియర్ల రికార్డుల్లోంచి వచ్చేవి. అలా నాలుగేళ్ళు గడిచిపోయాయి.

మీ చదువు ఇంకోలా సాగింది. ఐటీఐ అయ్యాక పాలకొండ బస్సు డిపోలో అప్రెంటిస్‌గా చేరిన రోజుల సంగతి ఎన్నిసార్లో చెప్పేవారు. ఇంజిన్ వాల్వుకీ దాన్ని నొక్కే ట్యాపెట్‌కీ మధ్య సందులో ఫీలర్ గేజ్ అనే పల్చటి రేకు పెట్టించి, మెల్లగా లాగు, కొంచెం పట్టుతో రావాలి, బిగుసుకోకూడదు, జారిపోకూడదు అనేవారట మీ సీనియర్ మెకానిక్. ఆ పట్టు చేతికి తెలిసేదాకా స్పానర్ ఇవ్వలేదట. ఆ సందు లేకపోతే వాల్వు కాలిపోతుందని ఆయన చెప్పారు. ఎందుకు కాలిపోతుందో చెప్పేవాళ్ళు డిపోలో లేరు. ఇంజిన్ వేడెక్కితే వాల్వు కాడ సాగుతుంది, సాగడానికి చోటు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, మండిన గ్యాసు దాని అంచుని తినేస్తుంది. ఆ అమ్మాయి షాఫ్ట్ సంగతీ ఈ వేడి సంగతే. మీకు చేయి తెలిసింది, నాకు లెక్క తెలిసింది. రెండూ ఒకే మనిషికి ఒకే ఏడాదిలో తెలియడం ఇక్కడ చూస్తున్నాను. తమ్ముడికి అది దక్కాలనే నా ఆరాటమంతా.

ఇదేదో జర్మనీ వాళ్ళ గొప్పతనం అనుకోకండి. అమెరికాలో సిన్సినాటీ యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ఆయన 1906లోనే 27 మంది విద్యార్థులతో మొదలుపెట్టాడు. ఒక వారం ఒకడు క్లాసులో ఉంటే వాడి జతగాడు ఫ్యాక్టరీలో ఉండేవాడు, మరుసటి వారం తారుమారు. మన దగ్గర మాత్రం లేదా? శ్రీకాకుళం రిమ్స్ ఆసుపత్రిలో అమ్మని చూపించినప్పుడు తెల్లకోట్లు వేసుకుని మంచాల చుట్టూ నిలబడ్డ పిల్లలు గుర్తున్నారా? రెండో ఏడాది నుంచే పొద్దున వార్డు, తర్వాత క్లాసు. పైగా చివర్లో ఏడాది హౌస్ సర్జన్‌గా చేస్తేనే డాక్టరు. నైర వ్యవసాయ కాలేజీ పిల్లలు ఆఖరి ఏడాదిలో పల్లెల్లో రైతుల వెంట పొలాల్లో తిరుగుతారు. కాగితం కొనుక్కొచ్చిన హౌస్ సర్జన్ చేత అమ్మకి సూది వేయిస్తామా? మరి ఇంజినీరుకి ఎందుకు వేరే లెక్క? 2020లో మన రాష్ట్రంలో డిగ్రీలకి 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. రూలు మంచిదే. దాన్ని కాగితంతో సరిపెట్టేస్తున్నారు, అదీ బాధ.

ఇక్కడ కష్టం లేదని చెప్పను. ఆ పిల్లలకి సెమిస్టర్ సెలవులుండవు, ఉద్యోగులకిచ్చే సెలవులే. పరీక్షల ముందు టెన్షన్ వాళ్ళ ముఖాల్లో కనిపిస్తుంది. ఒకే కంపెనీలో మూడేళ్ళూ ఉంటే ఆ కంపెనీ పద్ధతే లోకమనుకునే ప్రమాదమూ ఉంది. అయినా డిగ్రీ చేతికొచ్చేసరికి వాళ్ళకి మెషిన్ దగ్గర బెరుకు ఉండదు.

ఇప్పుడు చేయాల్సిన పని. మన రాజాం నుంచి బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోని ఫ్యాక్టరీలకి వాడు పొద్దున బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలడు. అక్కడి యూనిట్లలో మెయింటెనెన్స్ సెక్షన్ అడగండి. పైడిభీమవరంలో మందుల కంపెనీలు కదా, మెకానికల్ వాడికి అక్కడేం పని అనుకోకండి. బాయిలర్లు, పంపులు, కంప్రెసర్లు లేకుండా ఏ మందూ తయారవదు. దూరమైతే అక్కడే ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి గది తీసుకోమనండి. ఎక్కడా కుదరకపోతే మీ పాత స్నేహితుల్ని పట్టుకుని డిపో గ్యారేజీలోనైనా అనుమతి అడగండి. మీ మాట వాళ్ళు కాదనరు. ఎక్కడ చేరినా ఒక్కటి మాత్రం ముందే మాట్లాడుకోండి. కుర్రాణ్ణి ఫలానా మెకానిక్‌కి అప్పజెప్పాం అని ఒక మనిషిని చూపించాలి. లేకపోతే జిరాక్సులు తీయించి, టీలు తెప్పించి రెండు నెలలు గడిపేస్తారు.

తమ్ముడికి నోట్‌బుక్ పెట్టమని నేను చెబుతాను. రోజూ అర పేజీ చాలు. ఏ మెషిన్ ఆగింది, ఎందుకు ఆగిందన్నారు, వాడికి అర్థం కానిదేమిటి. కాలేజీ తెరిచాక ఆ అర్థం కానివి పట్టుకెళ్ళి లెక్చరర్లని అడగాలి. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు, చెప్పేవాళ్ళూ ఉంటారు. రోజూ సాయంత్రం వాడు ఇంటికి రాగానే మీరు కూడా ఓ పది నిమిషాలు కూర్చుని ఈ రోజు ఏం విప్పారు, ఏం బిగించారు అని అడగండి. మీరు అడిగినట్టు ఇంకెవరూ అడగలేరు.

ఆ సర్టిఫికెట్‌కి కడదామనుకున్న డబ్బు వాడి బస్సు చార్జీలకి ఉంచండి. చాలకపోతే నేను పంపిస్తాను. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాను, వాణ్ణి ఇంట్లో ఉండమనండి. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో ఈసారి తనే చెప్పాలి, మీరు చెబితే నమ్మను.

మీ పెద్దమ్మాయి