చిక్కిశల్యమైన గెక్కోను ఆరోగ్యంగా ఉందని అమ్మినందుకు ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. గత నెల మీ వెబ్‌సైట్‌లో ఒక లెపర్డ్ గెక్కోను (మచ్చలుండే పెంపుడు బల్లిని) కొన్నాను. "పూర్తిగా ఎదిగినది, 60 గ్రాములు, బాగా తింటోంది" అని రాసి, లావుపాటి తోక ఉన్న ఫోటో పెట్టారు. బెంగళూరు నుంచి రాత్రి బస్సు పార్శిల్లో కడపకు వచ్చిన డబ్బా తెరిస్తే, ఫోటోలో ఉన్నదానికీ దీనికీ పోలికే లేదు. వంటింటి డిజిటల్ కాటా మీద పెడితే 31 గ్రాములు తూగింది. తోక నా చిటికెన వేలిలో సగం లావు కూడా లేదు. తుంటి ఎముకలు పైకి పొడుచుకొచ్చాయి. కాలివేళ్ల చివర ఊడకుండా మిగిలిన పాత కుబుసం దారం చుట్టినట్టు బిగుసుకుని, ఒక వేలు నల్లబడింది.

ఈ జాతి కొవ్వును ఎక్కువగా తోకలో దాచుకుంటుంది. తిండి దొరకనప్పుడు దాని మీదే బతుకుతుంది. అలాంటి తోక ఎండిపోయిందంటే వారాల తరబడి సరిగా తినలేదనో, జబ్బుతో ఉందనో అర్థం. మీ మనిషేమో ఫోన్లో "ప్రయాణంలో తగ్గి ఉంటుంది" అన్నారు. ఒక్క రాత్రిలో ఏ ప్రాణీ సగం బరువు తగ్గదు.

ఇంకా నన్ను భయపెట్టింది డబ్బాలో మీరు పెట్టిన సూచనల కాగితం. టమాటా, క్యారెట్ ముక్కలు పెట్టమని అందులో ఉంది. లెపర్డ్ గెక్కో పురుగులు తినే ప్రాణి, కూరగాయలు దాని తిండి కాదు. కింద ఇసుక పరచమన్నారు. నీరసంగా, కాల్షియం తక్కువగా ఉన్న గెక్కో ఇసుక మింగితే పేగులో అడ్డుపడే ప్రమాదం ఉంది. మచ్చిక కావడానికి మొదటి రోజు నుంచే చేతిలోకి తీసుకోమన్నారు. కొత్త చోటుకు వచ్చిన ప్రాణికి ముందు కావాల్సింది దాక్కోవడానికి చోటు, ప్రశాంతత. ఇక వేడి గురించి ఒక్క మాట కూడా లేదు! ఒంటికి తగినంత వెచ్చదనం లేకపోతే దానికి తిన్నది సరిగా అరగదు. కడప అంటే ఎండ కదా, వేరే వేడి ఎందుకని మీరు అనుకోవచ్చు. జనవరి రాత్రుళ్లు ఇక్కడా చల్లగానే ఉంటాయి.

తినడం లేదని మళ్లీ ఫోన్ చేస్తే, నోరు బలవంతంగా తెరిచి పెట్టమన్నారు. ఆ పని చేయలేదు. ప్రొద్దుటూరులో పశువైద్యుడికి చూపించాను. పెంటిక పరీక్షిస్తే నులిపురుగుల గుడ్లు కనిపించాయి. బరువు చూసి మందు ఇచ్చారు. ముందు ఒంట్లో నీరు, వేడి సరిగ్గా ఉండాలనీ, తిండి ఆ తర్వాత కొద్దికొద్దిగా పెంచాలనీ చెప్పారు. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ ఉన్న హీట్ మ్యాట్ (కరెంటుతో వెచ్చబడే పట్టా) పెట్టి, వెచ్చని మూల 32 డిగ్రీల దగ్గర ఉంచుతున్నాను. ఇసుక తీసేసి టిష్యూ పేపర్ పరిచాను. తడిపిన గుడ్డ పెట్టిన చిన్న డబ్బా ఒకటి ఇస్తే కుబుసం మెత్తబడి ఊడింది. కాల్షియం పొడి అద్దిన చిన్న కీచురాళ్లను సాయంత్రం చీకటి పడ్డాక వదులుతున్నాను. మొదటిసారి అది తోక చివర వణికిస్తూ పురుగు మీదికి దూకినప్పుడు ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. గోడ మీద బల్లి కనిపిస్తేనే కసిరే మా అవ్వ ఇప్పుడు రోజూ "తినిందా అది?" అని అడుగుతోంది. ఈ వారం బరువు 36 గ్రాములు. ఇంకా గండం గట్టెక్కలేదు.

నాకు కావాల్సినవి చెబుతున్నాను. ఆ సూచనల కాగితాన్ని వెంటనే ఆపేయండి. ఇప్పటికే గెక్కోలు కొన్నవాళ్లందరికీ సరైన సూచనలు పంపండి, వాళ్లలో ఎంతమంది ఇసుక పరిచి టమాటా ముక్కలు పెడుతున్నారో అని నాకు నిద్ర పట్టడం లేదు. ఈ గెక్కోతో ఒకే తొట్టెలో ఉన్న మిగతా గెక్కోలకూ పెంటిక పరీక్ష చేయించండి, ఆ పురుగులు ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటాయి. అమ్మే ముందు తూచి, కాటా కనిపించేలా ఫోటో పెట్టండి. పరీక్షకు, మందులకు, డాక్టరుకు అయిన ఖర్చు నాకు తిరిగి చెల్లించండి. బిల్లులు, డబ్బా తెరిచినప్పటి వీడియో, బరువు ఫోటోలు జతచేశాను. ఈ గెక్కోను వెనక్కి పంపితే వేరేది ఇస్తామన్నారు. నేను పంపను. ఈ స్థితిలో ఇంకో బస్సు ప్రయాణం తట్టుకోలేదు.

పెట్ షాపులకు కేంద్రం 2018లో నియమాలు పెట్టింది. వాటి ప్రకారం మీకున్న రిజిస్ట్రేషన్ నంబరు, ఈ గెక్కో ఎక్కడ పుట్టిందో తెలిపే కాగితాలు కూడా పంపండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు,
కడప