మా షాపులో పుస్తకాలు పెట్టిన రచయితలకు, వాటిని కొన్న మీకు

నమస్కారం.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ముగిశాక స్టాలు సరుకు సర్దుకుంటుండగా ఒక మధ్యాహ్నం ఓ పెద్దాయన వచ్చారు. భుజాన గుడ్డసంచి. గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చి, "మీరు గుర్తుపట్టరులెండి. 2024 మార్చిలో నా కథల పుస్తకం పాతిక కాపీలు ఇచ్చి వెళ్లాను. ఏమన్నా కదిలాయా అండీ?" అన్నారు.

అద్దంకి దగ్గర పల్లె ఆయనది. రిటైరైన తెలుగు మాస్టారు. నేను నిజంగానే గుర్తుపట్టలేదు. "కూర్చోండి మాస్టారూ, చూసి చెప్తాను" అని కుర్చీ వేశాను. పుస్తకాలు దించుకున్న రోజు రాసుకున్న కాగితం ఎక్కడో ఉండాలి. కనబళ్లేదు. బిల్లు పుస్తకాలు తిరగేస్తుంటే ఆయనే సాయం చెయ్యబోయారు: "విజయవాడ నుంచి నాకు ఆరుగురు ఫోన్ చేశారండీ. మీ దగ్గరే కొన్నామన్నారు. ఆరన్నా పోయుంటాయి."

పుస్తకం రెండో పేజీలో ఆయన ఫోన్ నంబరు ఉంది. దాని కిందే 'ప్రతులకు' అని మా షాపు పేరు. చదివిన మీలో ఆరుగురు ఆ నంబరుకు ఫోన్ చేసి కథలు ఎలా ఉన్నాయో చెప్పారు. అమ్మిన నేను ఒక్కసారీ చెయ్యలేదు.

సాయంత్రానికి లెక్క తేలింది. 17 అమ్ముడయ్యాయి. ఆరు కింది అరలో, డీఎస్సీ గైడ్ల వెనక దొరికాయి. రెండు దొరకలేదు. వెల 150 రూపాయలు, మా కమిషన్ 40 శాతం. అంటే 60 మాకు పోను కాపీకి 90 ఆయనది. దొరకని రెండూ నా బాధ్యతే కాబట్టి 19 కాపీలకు 1,710 రూపాయలు. దాదాపు రెండేళ్లు ఆ డబ్బు నా గల్లాపెట్టెలో తిరిగింది. ఆయన నోట్లు లెక్కపెట్టుకోకుండా జేబులో పెట్టుకున్నారు. తర్వాత తువ్వాలు తీసి ఆ ఆరు పుస్తకాల మీద దుమ్ము ఒక్కొక్కటిగా తుడిచి, నాకు ఇచ్చి, బస్సు టైమైందని వెళ్లారు.

ఆ రాత్రి నుంచి వారం రోజులు షాపు మూశాక నాకు ఇదే పని. ఇలా పుస్తకాలు ఇచ్చి వెళ్లిన రచయితలు 58 మంది తేలారు. వాళ్లకు నేను ఇవ్వాల్సింది 64,350 రూపాయలు. కొన్ని మూడేళ్ల నాటివి. ఇద్దరు కాలం చేశారు. అందులో ఒకరింటికి ఫోన్ చేస్తే వాళ్లమ్మాయి తీసింది. డబ్బు సంగతి చెబుతుంటే మధ్యలో ఆపి, "నాన్న పుస్తకాలు మీ దగ్గర ఇంకా ఉన్నాయా?" అంది. ఇంట్లో ఒక్క కాపీ కూడా మిగల్లేదట. ఉన్న నాలుగూ పంపించాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరదకు సింగ్‌నగర్‌లో మేం సరుకు పెట్టుకున్న గది మునిగింది. పుస్తకాలతో పాటు పాత రసీదులూ పోయాయి. అప్పుడు మీలో చాలామంది వచ్చి అంచులు ఉబ్బిన పుస్తకాలు కూడా పూర్తి వెలకు కొన్నారు. ఆ మేలు మరిచిపోయే మనిషిని కాను. కానీ రచయితలకు లెక్క చెప్పకపోవడానికి వరద కారణం కాదు. వరదకు ముందు కూడా నేను చెప్పలేదు.

పెద్ద ప్రచురణ సంస్థల బాకీకి బిల్లు ఉంటుంది, గడువు ఉంటుంది. కట్టకపోతే తర్వాతి పార్సిలు రాదు. సొంతంగా అచ్చు వేసుకున్న రచయితకు ఇవేమీ లేవు. సంచిలో కట్ట పట్టుకొచ్చి, "ఉంచండి, పోతే పోతాయి" అని మొహమాటంగా అక్కడ పెట్టి వెళ్తారు. గట్టిగా అడిగేవాళ్లకు ముందు ఇచ్చుకుంటూ వచ్చాను. అడగలేనివాళ్ల డబ్బుతో కరెంటు బిల్లులు కట్టాను.

ఆ కట్ట వెనక ఏముందో కొనే మీకూ తెలియాలి. మన దగ్గర కొత్త కథల పుస్తకమో, కవిత్వమో వచ్చిందంటే చాలాసార్లు ఖర్చంతా రాసినవాళ్లదే. డీటీపీ, ప్రూఫులు, కవరు బొమ్మ, ప్రెస్సు. 500 కాపీలు వేస్తే ఆవిష్కరణ సభలో కొన్ని, ముందుమాట రాసినవాళ్లకూ స్నేహితులకూ కొన్ని, సమీక్షకని పత్రికలకు రెండేసి పోతాయి. మిగిలిన కట్టలు మంచం కింద. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున మనం కట్టే గ్రంథాలయ పన్ను ఉంది కదా, ఒకప్పుడు ఆ డబ్బుతో గ్రంథాలయాల ఆర్డరు వస్తుందన్న ధీమాతో వెయ్యి కాపీలు వేసేవాళ్లు. ఆ ధీమాతో అచ్చు వేసిన రచయిత ఈమధ్య నాకు ఒక్కరూ తగల్లేదు. 100 కాపీలు వేసుకుని చూస్తున్నవాళ్లే ఎక్కువ.

మాస్టారి రెండో పుస్తకం ప్రెస్సు దగ్గర ఆగి ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కాగితం మీద జీఎస్టీ 12 శాతం నుంచి 18 అయింది. పుస్తకం మీద జీఎస్టీ లేదు. వినడానికి బాగానే ఉంటుంది కానీ, పుస్తకం అమ్మినప్పుడు పన్ను లేదు కాబట్టే, కాగితానికి కట్టిన పన్నును అందులో సర్దుకునే వీలు లేదు. అది వెలలో కలపాలి, లేదా రచయిత భరించాలి. వెల పెంచితే ఎవరూ కొనరేమోనని మాస్టారి భయం.

ఇక షాపులో మారేవి చెప్తాను. బాకీలో సగం, పుస్తక మహోత్సవంలో వచ్చిన డబ్బుతో ఫిబ్రవరి 5న కట్టేశాను. మిగతా సగం ఏప్రిల్ లోపు. ఇకమీదట ప్రతి నెలా 5వ తేదీన ఎన్ని పోయాయి, ఎన్ని ఉన్నాయి అని ప్రతి రచయితకూ వాట్సాప్‌లో లెక్క వెళ్తుంది. డబ్బు కూడా ఆ రోజే. ఒక్క కాపీ పోకపోయినా ఆ మాటే రాస్తాను.

సొంతంగా అచ్చు వేసుకున్నవాళ్ల దగ్గర మా కమిషన్ 40 నుంచి 30 శాతానికి తగ్గించాను. దీనివల్ల మీకు కొంత కష్టం ఉంది. ఆ పుస్తకాల మీద ఇన్నాళ్లూ ఇచ్చిన 10 శాతం తగ్గింపు ఇక ఇవ్వలేను. 135కి ఇచ్చిన పుస్తకం ఇప్పుడు 150. మిగతా పుస్తకాల మీద తగ్గింపు యథాప్రకారం ఉంటుంది.

అలాగని తెచ్చినవన్నీ తీసుకోను. ముందు ఒక కాపీ అడుగుతాను, కనీసం ముప్ఫై పేజీలు చదువుతాను. నచ్చకపోతే ఆ మాట మొహం మీదే చెప్తాను. అది నాకు కష్టమైన పనే. కానీ తీసుకుని గైడ్ల వెనక పడెయ్యడం కంటే నయమని ఇప్పుడు తెలిసొచ్చింది. తీసుకున్నా ఒకసారికి పదే. అవి అయ్యాక మళ్లీ పది.

గైడ్ల మాట కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చాక ముందు బల్ల మొత్తం వాటికే ఇచ్చేశాను. వేసవంతా అద్దె, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు వాటి మీదే నడిచాయి. ఉద్యోగం వచ్చిందని ఒకమ్మాయి పూతరేకులు పట్టుకుని వచ్చింది. గైడ్లు ఉంటాయి, ఎడమవైపు గోడంతా వాటిదే. ముందు బల్ల మాత్రం మళ్లీ కొత్త పుస్తకాలకు.

ఊళ్ల నుంచి తెప్పించుకునేవాళ్లకు: 2024 డిసెంబరులో, పుస్తకాలు చవగ్గా పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఆగిపోయాక కొరియరు ఖర్చు చూసి చాలామంది వెనక్కి తగ్గారు. ఇప్పుడు తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ ఉంది, 2025 మే 1 నుంచి. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా అయితే 100, పన్ను అదనం. పలచటి కవిత్వ పుస్తకం అట్టతో చుట్టినా 300 గ్రాముల్లోపే తూగుతుంది. కాస్త ఆలస్యంగా చేరుతుంది, కానీ ఎక్కడుందో నంబరు కొట్టి చూసుకోవచ్చు. నలుగురు కలిసి ఒకే కట్టగా తెప్పించుకుంటే ఇంకా కలిసొస్తుంది.

మా దగ్గర పుస్తకాలు పెట్టి, నా నుంచి ఇంకా కబురు అందనివాళ్లు ఎవరన్నా ఉంటే దయచేసి వచ్చి అడగండి. కాగితం లేకపోయినా పర్వాలేదు. మీ మాటే లెక్క.

మాస్టారు తుడిచి ఇచ్చిన ఆరు కాపీలూ కౌంటరు పక్కన, కళ్ల ఎత్తున పెట్టాను. నిన్న సాయంత్రం డిగ్రీ చదివే కుర్రాడొకడు ఒకటి తీసుకుని, అక్కడే నిలబడి ఒక కథ చదివి, డబ్బులిస్తూ రెండో పేజీ చూపించి, "అంకుల్, ఈ నంబరుకు చేస్తే ఎత్తుతారా?" అని అడిగాడు. సాయంత్రం ఆరు దాటాక అయితే తప్పకుండా ఎత్తుతారని చెప్పాను. వాడు వెళ్లాక నేనూ చేశాను, ఒకటి పోయిందని చెప్పడానికి. లైను బిజీగా ఉంది.