సగం పనిచేస్తున్న సోలార్ ప్లాంటు, అందని పర్యవేక్షణ వివరాలు: ఫిర్యాదు

సేవా విభాగం మేనేజరు గారికి,

విషయం: గుంటూరులోని మా ఇంటి 5.4 కిలోవాట్ల రూఫ్‌టాప్ సోలార్ ప్లాంటులో ఒక స్ట్రింగు (వరుసగా కలిపిన ప్యానెళ్ల జట్టు) పనిచేయకపోవడం, మానిటరింగ్ యాప్‌లో మాకు పూర్తి హక్కులు ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

పీఎం సూర్యఘర్ పథకం కింద మీ సంస్థ మా డాబా మీద 540 వాట్ల ప్యానెళ్లు 10 అమర్చి, అయిదేసి చొప్పున రెండు స్ట్రింగులుగా, ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టరుకు కలిపింది. ఎండాకాలంలో రోజుకు 22 యూనిట్ల దాకా వచ్చిన ఉత్పత్తి జూన్ నుంచి 11 దాటడం లేదు. ఈ సంగతి ఫోనులో చెప్పిన ప్రతిసారీ మీ సిబ్బంది మబ్బులనీ, దుమ్మనీ, చివరికి "బిల్లు తక్కువే వస్తోంది కదండీ" అనీ సమాధానమిచ్చారు.

మబ్బయినా దుమ్మయినా, ఒకే వాలులో దక్షిణం వైపు ఉన్న పది ప్యానెళ్ల మీదా దాదాపు ఒకేలా ప్రభావం చూపాలి. మిట్టమధ్యాహ్నం ఎండ బాగా కాస్తుండగా ఇన్వర్టరు తెర చూస్తే పీవీ 1 (మొదటి స్ట్రింగు) దగ్గర 200 వోల్టులకు కాస్త అటూ ఇటూగా, పీవీ 2 (రెండో స్ట్రింగు) దగ్గర సున్నా కనిపించాయి. ఆ ఫొటోలు జతచేస్తున్నాను. డీసీ ఫ్యూజు పోయిందో, ప్యానెళ్ల వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టరు కాలిందో, వైరు తెగిందో తేల్చవలసింది మీ టెక్నీషియనే. ఎండలో ఉన్న ప్యానెళ్ల డీసీ వైర్లను మేము ముట్టుకోకూడదు.

ఇక బిల్లు సంగతి. నెట్‌మీటరు గ్రిడ్‌కు పంపిన యూనిట్లను, గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లను మాత్రమే లెక్కిస్తుంది; పగటిపూట మా ఏసీకి, నీళ్ల మోటారుకు నేరుగా ఖర్చయిన సోలార్ కరెంటు దానికి తెలియనే తెలియదు. మొత్తం ఉత్పత్తి ఎంతో తెలియాలంటే ఇన్వర్టరూ, దానికి తగిలించిన డాంగిల్ (ఇంటర్నెట్ పరికరం) పంపే వివరాలు చూపే యాపూ తప్ప మాకు వేరే ఆధారం లేదు.

ఆ యాప్‌లోనేమో ప్లాంటు మీ సంస్థ ఖాతా పేరున నమోదై ఉంది. మాకు కనిపించేది ఆ రోజు మొత్తం ఉత్పత్తి, నెలవారీ గ్రాఫు మాత్రమే. స్ట్రింగుల వారీ వోల్టేజీ, కరెంటు, హెచ్చరికలు మీ ఖాతాకే వెళతాయి, వాటిని అక్కడ చూసే నాథుడు లేడు. యజమాని హక్కులు మాకు మార్చమని కోరితే, ఖాతా తెరిచిన అబ్బాయి ఉద్యోగం మానేశాడనీ, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదనీ చెప్పారు. మేము డబ్బు పెట్టి కొన్న ప్లాంటు లెక్కలు కూడా ఆ అబ్బాయి వెంటే వెళ్లిపోయాయా అని అడగబోయి ఊరుకున్నాను.

మీతో చేసుకున్న ఒప్పందం ప్రకారం అయిదేళ్ల నిర్వహణ బాధ్యత మీది. కనుక వారం లోపల టెక్నీషియన్‌ను పంపి, రెండో స్ట్రింగును సరిచేసి, రెండింటి వోల్టేజీ, కరెంటు రీడింగులు మా ఎదుటే తీసి సంతకంతో ఇప్పించండి. ప్లాంటును మా ఈమెయిల్ ఖాతాకు బదిలీ చేసి, అమర్చిన నాటి నుంచి సర్వరులో ఉన్న పూర్తి వివరాలను ఫైలుగా పంపండి. జూన్ నుంచి నష్టపోయిన యూనిట్ల పరిహారం ఆ వివరాలు చూశాకే మాట్లాడుకుందాం. గడువులోగా లిఖితపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
గుంటూరు